మూడిళ్ల విత్తనం

ఆ రోజుల్లో నేను పనిచేసిన సంస్థ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో ఉండేది. కింద రెండు గదులు ఆఫీసు, పైన ఒక గది నాకు కిరాయి. సన్నకారు రైతులకు కష్టాలను తట్టుకునే శక్తి కలిగించడం మా పని. కరపత్రంలో అలాగే ఉండేది. ఆ వాక్యం రాసింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

మేం ఎంచుకున్న ఊరు సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దాటాక రెండు బస్సులు మారితే వచ్చే గుట్టల ఊరు. ఒకప్పుడు నక్సలైట్ అన్నలు వచ్చి అన్నం అడిగి వెళ్లేవారు, వాళ్ల వెనకాలే పోలీసులు వచ్చి అన్నం ఎందుకు పెట్టారని అడిగేవారు. నేను వెళ్లేనాటికి ఆ గొడవలు సద్దుమణిగాయి. కానీ కొత్త మనిషి కనబడితే ఆడవాళ్లు ఇంకా పని ఆపి నిలబడేవారు.

అక్కడ నాకు మొదట మంచినీళ్లిచ్చింది ఒక పెద్దావిడ. భర్త పోయాడు, గుట్ట కింద రెండెకరాల నల్లరేగడి మిగిలింది. వానాకాలం వెళ్లే ముందు, యాసంగి పంటగా అందులో పచ్చజొన్న వేసేది. ఆ పాత రకం జొన్నను ఆ ఊళ్లో పది పన్నెండు ఇళ్లవాళ్లు తప్ప ఇంకెవరూ వేసేవారు కాదు. వాళ్లు విత్తనం దాచే తీరు నాకు వింతగా తోచింది. బూడిద, ఎండు వేపాకు కలిపి కుండలో పోసి, మూతికి పేడమట్టి మెత్తేవారు. ఒక కుండ తమ ఇంట్లో, ఒకటి పక్కింట్లో, మూడోది వేరే ఊళ్లోని చుట్టాలింట్లో. అలా ప్రతి ఇంటి విత్తనం మూడిళ్లలో ఉండేది.

ఎందుకమ్మా ఇంత తిరుగుడు అని అడిగాను.

"పోలీసోళ్లు తుపాకులున్నయని కుండలన్ని బోర్లిచ్చిన్రు సారూ. బూడిదల, బురదల కలిసిపోయింది ఇత్తనం. గప్పటి సంది ఒక్క తాన పెట్టం. మొదటి కుండ మొలిచేదాంక మూడోది ముట్టం" అంది.

కష్టాన్ని తట్టుకోవడమంటే ఏమిటో ఆవిడ నాకు నాలుగు మాటల్లో చెప్పేసింది. నేను నోట్‌బుక్కులో రాసుకున్నది మాత్రం 'విత్తనం చెల్లాచెదురుగా ఉంది, ఒకచోటికి చేర్చాలి' అని. చదువుకున్న తెలివి అలా ఉంటుంది.

మీటింగుల మీద మీటింగులు పెట్టాను. ఇప్పుడు కుండలు బోర్లించేవాళ్లు ఎవరూ లేరన్నాను. ఊరికి ఒక విత్తనాల గది ఉంటే ఎవరికి కొరత వచ్చినా అందులోంచి తీసుకోవచ్చన్నాను. ఆడవాళ్లు ఎటూ తేల్చక కూర్చున్నారు. చివరికి ఆ పెద్దావిడే లేచి, "సారు మన మంచికే చెప్తున్నడు, తెద్దాం తీయిండ్రి" అంది. ఆమె మాట మీద అన్ని ఇళ్ల కుండలూ, చుట్టాలిళ్లలో ఉన్నవాటితో సహా, నా ముందుకొచ్చాయి. చిన్న కుండలే కాబట్టి అంతా కలిపితే రెండు మూటలయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. సంస్థకు డబ్బిచ్చేవాళ్లు చూడటానికి వస్తున్నారు, మొలక పరీక్ష చేసి చీటీలు కట్టి చూపించాలి అని ఆ రెండు మూటలూ ఆఫీసుకు తెచ్చాను. చూపుకి నీటుగా ఉండాలని బూడిద, వేపాకు జల్లెడ పట్టించి పారబోయించాను. వారంలో తెచ్చిస్తానని ఆవిడకు మాటిచ్చాను.

ఆ వారంలోనే ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయింది. బస్సులు డిపోలు దాటలేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోజూ రాస్తారోకో, రోడ్డు మీదే వంటలు, పాటలు. చూడటానికి వస్తామన్నవాళ్లు రామన్నారు. అటు ఊళ్లో మంచి వాన పడింది.

పక్కింటివాళ్ల సెల్లు నుంచి ఆవిడ ఫోన్ చేసింది. "నేల పదునైంది సారూ. ఇత్తనం తెస్తివంటే ఏసుకుంటం."

"బస్సులు లేవమ్మా" అన్నాను.

"పదును వారం పది దినాలే ఉంటది సారూ. జర జల్ది చూడు."

వెనక వాటాలో ఉండే మా ఇంటి ఓనరు బస్సు కండక్టరు, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి పల్లె మనిషి. సమ్మెలో ఉన్నాడు. పొద్దున్నే సమ్మె టెంటుకు వెళ్లి మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాడు. నా గోడు విని, మర్నాడు పొద్దున స్కూటరు తుడిచి వాకిట్లో పెట్టి నన్ను పిలిచాడు.

"మూటలు ముందట పెట్టుకుంట, నువ్వు ఎనక కూసో. చౌరస్తాకు పోకుండ కర్మన్‌ఘాట్ సందులకెళ్లి సాగర్ రోడ్డెక్కుదం. రైతుల ఇత్తనమంటే ఎవ్వరు ఆపరు. నేను మాట్లాడత. నువ్వైతే నోరు తెరవకు సారూ."

ఆ చివరి మాట నాకు ఎక్కడో తగిలింది. మా నాన్న ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చాడు. నేను మాత్రం ఈ నగరంలోనే పుట్టాను. ఇంట్లో అమ్మ మాట్లాడిన యాసే నాకూ వచ్చింది. నెల కిందటే కిరాణా కొట్లో ఒకతను "ఏ ఊరు మీది?" అని అడిగితే రెండు రోజులు తిండి సయించలేదు. భయం కూడా ఉంది, ఎందుకు దాచాలి. రోడ్డు మీద కుర్రాళ్లు ఆపి ఏమన్నా అడిగితే నా నోట్లోంచి వచ్చే మొదటి మాటకే ఆంధ్రా మనిషినని తెలిసిపోతుంది. కానీ ఆ పూట భయం కన్నా పౌరుషమే ఎక్కువగా పొడుచుకొచ్చింది.

"నోరు మూసుకుని వెళ్లాల్సిన ఖర్మ నాకేంటండీ? బస్సులు నడిచాకే వెళ్తాను" అన్నాను.

ఆయన నొచ్చుకున్నాడు. "నీ మంచికే అన్న గాని, మనసుల ఏం లేదు సారూ" అన్నాడు. పోనీ మూటలిస్తే తానొక్కడే దించి వస్తానన్నాడు. సంస్థ సామాను బయటివాళ్ల చేతికివ్వకూడదని నియమం ఉందన్నాను. అలాంటి నియమం ఏదీ లేదు. ఆయన స్కూటరును మళ్లీ గోడ వారకు నెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఆవిడ మరో నాలుగుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లు ఎత్తాను.

బస్సులు మళ్లీ తిరిగిన మొదటి రోజున మూటలు తీసుకుని వెళ్లాను. నేల నెర్రెలిచ్చింది. బూడిద లేని విత్తనంలో అప్పటికే పురుగు కనబడుతోంది, ఇంకో ఏడాది నిలవదు. ఆడవాళ్లు మూటల చుట్టూ కూర్చుని చాలాసేపు చేత్తో కలియబెట్టి చూశారు. ఉన్న తడిలోనే మొత్తం చల్లేశారు. ఆలస్యంగా వేసిన జొన్నకు లేత మొవ్వును తొలిచే మొవ్వు ఈగ తగులుతుందని వాళ్లకు తెలుసు, పుస్తకాల్లో చదివి నాకూ తెలుసు. మొక్కలు జానెడు లేవగానే మొవ్వులు ఎండిపోయాయి. మిగిలినవి పశువులకు మేతయ్యాయి. తిరిగి దాచుకోవడానికి ఒక్క కంకి రాలేదు. వెతుక్కోవడానికి రెండో ఇల్లూ, మూడో ఇల్లూ లేకుండా నేనే చేశాను. ఆ ఊరి పచ్చజొన్న అక్కడితో అయిపోయింది.

నా నివేదికలో 'సమ్మె కారణంగా కార్యక్రమం ఆలస్యమైంది' అని రాశాను. ఎవరూ ప్రశ్నించలేదు.

ఎండాకాలంలో ఒక పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో కూలీల అడ్డా పక్కనుంచి ఆటోలో వెళ్తూ ఆవిడను చూశాను. కొంగు నడుముకు చుట్టుకుని, చేతిలో సద్దిగిన్నెతో, మేస్త్రీల కోసం చూస్తూ నిలబడి ఉంది. ముందుకు పొమ్మని ఆటో అతనికి చెప్పబోయాను. ఈలోగా ఆవిడే నన్ను చూసి నవ్వింది. దిగక తప్పలేదు.

"మంచిగున్నవా సారూ, చిక్కినవేంది?" అంది.

చేను సంగతి అడిగాను. సాగు లేక పడావు పడిందనీ, దుకాణపు విత్తనం తన నేలలో నిలబడదనీ, మరదలితో కలిసి ఇక్కడే రేకుల గదిలో ఉంటున్నాననీ చెప్పింది. నా ముఖం చూసి ఏమనుకుందో, దగ్గరకొచ్చి నా మోచేయి పట్టుకుంది.

"రందివెట్టుకోకు బిడ్డా. తొవ్వలన్ని బందువెట్టిరి, నువ్వు మాత్రం ఎట్లొస్తవ్? మన తెలంగాణ కోసమే గదా. నీ తప్పేమున్నది?"

అంతకు ముందెప్పుడూ ఆవిడ నన్ను బిడ్డా అనలేదు. 'మన' అన్నప్పుడు నన్ను కూడా కలుపుకునే అంది. బండి వాకిట్లో సిద్ధంగా ఉన్నా ఎక్కలేదని, మూటలు పంపే దారి ఉన్నా పంపలేదని, అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఎవరో మేస్త్రీ ఇద్దరు ఆడమనుషులు కావాలని కేకేశాడు. ఆవిడ నా జవాబు కోసం ఒక్క క్షణం ఆగింది.

"అవునమ్మా, దారులన్నీ మూసేశారు" అన్నాను.