జనరేటర్‌లోంచి దించిన పచ్చ నీళ్ళు

అది 2023 మార్చి. నూజివీడులో జనరేటర్లు అమ్మి, సర్వీసు కూడా చేసే ఒక డీలరు దగ్గర నేను సర్వీస్ ఇంజనీరుగా చేరి అప్పటికి నాలుగేళ్ళు. మా పాపకి మూడేళ్ళు.

మా పనిలో మార్చి అంటే ఊపిరి సలపని నెల. మామిడి కోతలు మొదలయ్యేలోపు ప్యాకింగ్ షెడ్లలోనూ రైపెనింగ్ చాంబర్లలోనూ ఉన్న జనరేటర్లన్నీ సిద్ధం చేయాలి. రైపెనింగ్ చాంబర్ అంటే పచ్చికాయని చల్లగా ఉంచి, గ్యాస్ వదిలి మగ్గబెట్టే గది. కరెంటు పోయి ఆ చల్లదనం తప్పిందంటే లోపలున్న కాయంతా ఉడికిపోతుంది. అందుకని ప్రతి చాంబరు పక్కనా ఒక స్టాండ్‌బై జనరేటర్ ఉంటుంది. ఏడాదిలో మూడు నెలలు దానితో పని. మిగతా తొమ్మిది నెలలు అలా పడి ఉంటుంది. పడి ఉన్న యంత్రాన్ని చూసుకోవడమే కష్టం, ఎవరికీ గుర్తుండదు కాబట్టి.

వీటిలో పెద్దవన్నీ లిక్విడ్ కూల్డ్. కారులో ఉన్నట్టే ముందు భాగాన రేడియేటర్ ఉంటుంది. కూలెంట్ అనే పచ్చటి ద్రవం ఇంజన్ లోపల తిరిగి వేడిని తీసుకొచ్చి రేడియేటర్‌లో వదులుతుంది. యజమాని వారానికోసారి చేయాల్సిన పనులు పెద్ద విద్యేమీ కాదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి కూలెంట్ మట్టం చూడాలి. డిప్‌స్టిక్ లాగి ఆయిల్ చూడాలి. బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లగా పొడి పేరుకుంటే తుడవాలి. ఫ్యాన్ బెల్టుని వేలితో నొక్కి చూడాలి. రేడియేటర్ సందుల్లో ఇరుక్కున్న మామిడి పూత, ఎండుటాకులు దులపాలి. అరగంట లోడు మీద నడిపి రిజిస్టర్లో రాయాలి. రెండేళ్ళకోసారి పాత కూలెంట్ మొత్తం దించి కొత్తది పోయాలి. ఆ చివరిది మాత్రం మేం వచ్చి చేసే పని.

ఆ రోజు నేను వెళ్ళింది చాట్రాయి దాటాక ఉన్న ఒక తోటకి. యజమాని శేషగిరిరావు గారు మామిడి రైతు, చాంబరు ఆయనదే. కూలెంట్ క్యాను చూడగానే మొదలుపెట్టారు.

“ఏంటమ్మాయ్, మళ్ళీ ఆ పచ్చ నీళ్ళేనా? మా బోరు నీళ్ళు తాగి మూడు తరాలు బతికాం. నీ ఇంజన్ బతకదా?”

“మీ ఇంట్లో గీజరు కాయిల్ ఎన్నిసార్లు మార్చారండీ?”

“రెండుసార్లు.”

“రేడియేటర్లో కూడా ఆ సున్నమే పడుతుందండీ. దాన్ని మార్చడం గీజరంత తేలిక కాదు.”

“సర్లే, కానీ. మా కోడలికి మిక్సీ మూత పెట్టడం రాదు, నువ్వేమో ఇంజనే విప్పి పోస్తున్నావు,” అని నవ్వుకుంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

అసలు ఆ జనరేటర్ని చూసుకునేది వాచ్‌మన్ సత్యం. ముప్పై ఏళ్ళుంటాయి. భార్య దుర్గ, నాలుగేళ్ళ కూతురు జానుతో షెడ్డు వెనక గదిలో ఉండేవాడు. వారం వారం చేయాల్సినవి పన్నెండు వరసలుగా రాసి నేను షెడ్డు తలుపుకి అంటించాను. ప్రతి సోమవారం ఆ కాగితం ముందు నిలబడి, ఒక్కో వరస మీద వేలు పెట్టుకుంటూ చేసేవాడు. రిజిస్టర్లో టిక్కు పెట్టిన పనిని నిజంగా చేసిన మనిషిని ఈ ఉద్యోగంలో నేను చూసింది తక్కువ. ఒకసారి శేషగిరిరావు గారు వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తిప్పబోతే చెయ్యి పట్టుకుని లాగేశాడట. “నన్నే లాగాడమ్మా వెధవ,” అని ఆయన నాతో గొప్పగా చెప్పారు.

ఇక్కడ ఒక అలవాటు గురించి చెప్పాలి. దించిన ఇంజన్ ఆయిల్ని ఈ తోటల్లో ఎవరూ పారబోయరు. చెదలు పట్టకుండా కంచె రాటలకీ, పాక దూలాలకీ పూస్తారు. మేం సర్వీసుకి వెళితే ఎవరో ఒకరు డబ్బా పట్టుకుని నిలబడి “తీసుకోనా?” అంటారు, మేం తలూపుతాం. ప్రతి షెడ్డులోనూ జరిగేదే ఇది.

కూలెంట్ సంగతి వేరు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. పైగా తియ్యగా ఉంటుంది. పాతది క్యానులో పోసి, మూత బిగించి, మా సర్వీస్ ఆటోలో వర్క్‌షాపుకి చేర్చాలి. ఆ రోజు ఆటో ఇంకో సైటుకి వెళ్ళింది, సాయంత్రం గానీ రాదు. నేను స్కూటీ మీద వచ్చాను. ఇంజన్ ఆయిల్ మార్చి, పాత కూలెంట్ టబ్బులోకి దించి, కొత్తది పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజన్ నడిపిస్తుండగా ప్లేస్కూల్ నుంచి ఫోను.

“మేడం, పాపకి ఒళ్ళు కాలిపోతోంది. మీరొచ్చి తీసుకెళ్ళాలి.”

అంతకుముందు నెలలోనే పాపకి జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. గబగబా రేడియేటర్ మూత బిగించి సామాన్లు సర్దుకుంటుంటే సత్యం ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు రెండు పట్టుకుని వచ్చాడు.

“ఆయిలు డబ్బాలో పోసుకున్నానండీ. ఈ పచ్చ నీళ్ళు కూడా తీసుకోనా మేడం గారూ? చెదలకి పనికొస్తయ్యేమో.”

“తీసుకో సత్యం, తీసుకో. మిగతాది ఆ గోతిలో పోసెయ్.”

హెల్మెట్ పెట్టుకుంటూ అన్నాను. ఏం అంటున్నానో నాకు తెలుసు. అతని చేతిలో ఉన్నవి కూల్‌డ్రింక్ సీసాలని కూడా చూశాను. జాను అక్కడే గుమ్మంలో కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది. బండి తీసే ముందు జాబ్ కార్డు నింపాను. అందులో ‘పాత కూలెంట్’ అన్న గడిలో ‘వర్క్‌షాపుకి చేర్చాం’ అని రాశాను. ఎప్పుడూ రాసేది అదే.

మా పాపకి రెండు రోజుల్లో జ్వరం తగ్గింది. మూడోరోజు ఆఫీసులో అన్నం తింటుంటే శేషగిరిరావు గారి ఫోను.

“అమ్మాయ్, చిన్న మాట. మన సత్యం కూతురు ఆ జనరేటర్ నీళ్ళు తాగిందంట. కాసినే. ఏమన్నా ఇబ్బందా?”

“ఎప్పుడండీ?”

“పొద్దున పదింటప్పుడు. కూల్‌డ్రింక్ అనుకుంది. ఇందాకట్నుంచి తూలుతోంది. కల్లు తాగినట్టు నడుస్తోందే అని వాళ్ళమ్మ నవ్వింది కూడాను. ఆర్‌ఎంపీ వచ్చాడు, ఉప్పునీళ్ళు పట్టించి కక్కిస్తానంటున్నాడు.”

“ఏమీ పట్టించొద్దండీ. మీ కారెక్కించి నూజివీడు తీసుకురండి. ఇప్పుడే.”

“అంత అవసరమా? కాస్త పెరుగన్నం పెట్టి పడుకోబెడితే…”

“పడుకోబెడితే మళ్ళీ లేవకపోవచ్చండీ.”

అవతల కారు తాళాల చప్పుడు వినిపించింది.

స్టోరులోంచి కొత్త కూలెంట్ క్యాను ఒకటి తీసుకుని ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాను. కారు వచ్చేసరికి జాను దుర్గ ఒళ్ళో మత్తుగా ఉంది. డాక్టరు నా చేతిలోంచి క్యాను తీసుకుని లేబుల్ చదివారు. చదువుతూనే విజయవాడకి ఫోను చేశారు. “ఏం తాగిందో తెలిసింది కాబట్టి ఒక దారి దొరికింది. దీని దెబ్బ తర్వాత కిడ్నీల మీద పడుతుంది. అక్కడ డయాలసిస్ సిద్ధం చేయమన్నాను,” అన్నారు. అంబులెన్సులో దుర్గ పక్కన నేనూ కూర్చున్నాను. క్యాను నా ఒళ్ళోనే ఉంది.

విజయవాడలో ఐసీయూ బయట శేషగిరిరావు గారు సత్యం మీద విరుచుకుపడ్డారు.

“ఎవణ్ణి అడిగి తీశావురా ఆ సీసాలు? ఆయిలంటే సరే, కనబడిందల్లా పట్టుకుపోవడమేనా?”

సత్యం నా వైపు చూశాడు. నేను క్యాను మీద ఉన్న లేబుల్ చూస్తున్నాను.

“ఎవర్నీ అడగలేదండీ. నాదే తప్పు,” అన్నాడు.

ఎందుకలా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అక్కడ డాక్టర్లతో మాట్లాడగలిగింది నేనొక్కదాన్నే, నేను వెళ్ళిపోతే ఎలా అని భయపడ్డాడేమో. లేకపోతే, చెప్పినా నమ్మరని ఊరుకున్నాడేమో. నేను నోరు తెరవలేదు. పాపని అత్తగారి దగ్గర వదిలి వచ్చాను, ఉద్యోగం పోతే ఎలా, పోలీసు కేసయితే పాపని ఎవరు చూస్తారు అని మనసులో లెక్కలు వేసుకుంటూ నిలబడ్డాను. తలుపు అవతల వాళ్ళ పాపకి మెడ దగ్గర ట్యూబు పెడుతున్నారు.

మర్నాటికి జానుకి మూత్రం ఆగిపోయింది. రోజు విడిచి రోజు డయాలసిస్. ఆ రోజుల్లో దుర్గ అన్నం మాట ఎత్తలేదు, నిద్ర మాట ఎత్తలేదు. నర్సు బయటికి వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడి “పోసిందా అమ్మా?” అని మాత్రం అడిగేది. తొమ్మిదో రోజు నేను వెళ్ళేసరికి మెట్ల దగ్గరికి ఎదురొచ్చి, “పోసిందండీ, కాసిని పోసింది,” అని నా రెండు చేతులూ పట్టుకుంది. “మీరు ఆ డబ్బా తేబట్టి పిల్ల దక్కింది,” అంది. ఆ మాట విని కూడా నేను చెప్పలేదు.

జాను బతికింది. కిడ్నీలు మాత్రం పూర్తిగా కోలుకోలేదు. నెలనెలా రక్తపరీక్ష, ఉప్పు తగ్గించిన తిండి, పెద్దయ్యాక ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేమన్న డాక్టరు మాట, ఇవన్నీ ఇంటికి తెచ్చుకున్నారు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి షెడ్డు గదిలో కొత్త వాచ్‌మన్ ఉన్నాడు.

మే నెలలో పెద్ద గాలివాన వచ్చింది. స్తంభాలు పడిపోయి చాట్రాయి వైపు పగలంతా కరెంటు లేదు. శేషగిరిరావు గారి జనరేటర్ మొదటి నొక్కుకే అందుకుని సాయంత్రందాకా నడిచింది. చాంబరులో ఒక్క డిగ్రీ పెరగలేదు. “నీ సర్వీసంటే సర్వీసేనమ్మా,” అని ఆయన ఫోను చేసి మెచ్చుకున్నారు. తలుపు మీద నేను అంటించిన కాగితం గుర్తొచ్చింది. అందులో పన్నెండు వరసలున్నాయి. ఆయిల్ తగ్గకూడదు, బెల్టు వదులవకూడదు, ఆకులు అడ్డుపడకూడదు. మూత కాలుతుందన్న ఒక్క వరస తప్ప అన్నీ ఇంజన్ బాగుండటానికే. లోపల్నించి తీసింది ఎక్కడికి పోవాలో ఒక్క వరసా లేదు.

జూలైలో చింతలపూడి దగ్గర ఒక పామాయిల్ తోటలో వాళ్ళు పనికి కుదిరారని తెలిసి వెళ్ళాను. సత్యం పనిలో ఉన్నాడు. దుర్గ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. “ఆ రోజు సత్యం నన్ను అడిగాడు దుర్గా. నేనే తీసుకోమన్నాను.”

చేట ఆపలేదు. “తెలుసండీ. ఆయన చెప్పాడు.”

“మరి నన్ను ఒక్క మాటైనా…”

“అక్కడే అనాల్సిందండీ. అయ్యగారు అంతమందిలో తిడుతున్నప్పుడు. ఇప్పుడు నాకొక్కదానికి చెప్తే ఏమొస్తది?”

జాను లోపల్నించి దాహమంది. దుర్గ లేచి స్టీలు గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది, ఎన్ని గుక్కలు తాగిందో చూస్తూ. ఆ గదిలో ఒక్క ప్లాస్టిక్ సీసా లేదు. నూనె కూడా మూత ఉన్న స్టీలు గిన్నెలో పెట్టుకుంది.

తిరిగి వస్తూ చాట్రాయి వెళ్ళి శేషగిరిరావు గారికి కూడా చెప్పాను. ఆయన తోటలోకి చూస్తూ, “ఇప్పుడెందుకులే అమ్మా అదంతా. కొత్తవాడు బానే చేస్తున్నాడుగా,” అన్నారు.

ఇప్పుడు కూలెంట్ మార్చే రోజున ఆటో లేకపోతే నేను పని మొదలుపెట్టను. దించినదంతా నా కళ్ళ ముందే క్యానులోకి వెళ్ళాలి, క్యాను నాతోపాటే రావాలి. ప్లేస్కూల్ నుంచి ఫోను వచ్చినా సరే, మూత బిగించాకే ఎత్తుతాను. ఆ రెండు నిమిషాలు నా ప్రాణం నా చేతుల్లో ఉండదు. తలుపుల మీద అంటించే కాగితంలో ఇప్పుడు ఆ పన్నెండు వరసల పైన ఇంకొకటి చేర్చాను. ఈ ఇంజన్లో నుంచి వచ్చే ఏ ద్రవాన్నీ తాగే సీసాలో పోయొద్దు, అడిగినా ఎవరికీ ఇవ్వొద్దు అని ఉంటుంది. జనరేటర్ ఉన్నవాళ్ళు మిగతా పన్నెండూ మరిచిపోయినా ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. ఇంజన్ చెడితే ఇంజన్ కొనుక్కోవచ్చు.

ఆ జాబ్ కార్డు మా ఆఫీసు ఫైల్లో ఇంకా ఉంది. పాత కూలెంట్ వర్క్‌షాపుకి చేర్చామని నా చేతిరాతతోనే ఉంది. అది అబద్ధం. దుర్గ అన్నట్టు నలుగురిలో చెప్పాల్సిన మాట కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. సత్యం అడిగాడు. నేను తీసుకోమన్నాను.