శుభ్రం చేసిన తొమ్మిది పాటలు

మా డ్రమ్మర్‌ని అందరూ డబ్బా అనేవారు. చిన్నప్పుడు ఖాళీ పెయింటు డబ్బాలు బోర్లించి వాయించేవాడు, పేరు అలా అతుక్కుపోయింది. డబ్బా కొట్టడమే గానీ డబ్బా కొట్టుకోవడం రాని మనిషి. పద్నాలుగేళ్లు అతని పక్కన నిలబడి గిటార్ వాయించాను. తన గురించి తాను చెప్పుకున్నవన్నీ కలిపినా ఒక కార్డు ముక్క నిండదు. ఇప్పుడు వాయించడం మానేశాడు. మా ఐదో రికార్డు బయటికి రాలేదు. ఉద్యోగం మాత్రం అదే, అదే గది, అదే కుర్చీ.

ఆ ఉద్యోగం గురించి ముందు చెప్పాలి. విద్యార్థుల కోసం పాఠాలు చదివించి రికార్డు చేసే ఆఫీసు అది. చదివేవాళ్లు వచ్చి చదివి పోతారు. తరవాత డబ్బా హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ పాఠాన్ని శుభ్రం చేస్తాడు. దగ్గులు, పెదాల చప్పుడు, కాగితం తిప్పిన చప్పుడు, కుర్చీ మూలుగు, అన్నిటికంటే ఎక్కువగా చదివేవాళ్లు ఊపిరి పీల్చుకున్న చప్పుళ్లు. తెర మీద మాటలు గుట్టల్లా కనిపిస్తాయి, వాటి మధ్య ఊపిరి గడ్డిపరకలా ఉంటుంది. ఒక్కోదాన్ని వింటాడు, గుర్తు పెడతాడు, తీసేస్తాడు. "ఇతను ముట్టుకున్నాక అక్కడ మనిషి ఉన్నట్టే తెలియదు" అని మేనేజరు కొత్తవాళ్లకి చూపించేవాడు. పొగడ్తే అది.

మా బ్యాండు పేరు తుప్పు. మేం వాయించేదాన్ని హార్డ్‌కోర్ పంక్ అంటారు, అందులోనూ ప్రయోగాలు చేసే రకం. పాట నిమిషం దాటితే మాకే సాగదీసినట్టుండేది. నేను గిటార్‌కున్న లావు తీగలు రెండూ వేలాడేటంత వదులు చేసేవాణ్ణి. అవి మోగవు, గిలగిల్లాడతాయి. బేస్ గిటార్ వాయించే టైలర్ ఒకే స్వరం పట్టుకుని, మిషను తొక్కినట్టు తొక్కుతూనే ఉండేవాడు. డబ్బా డ్రమ్ముల మీద ఇనప రేకు పరిచి బాదేవాడు. ఉన్నట్టుండి అందరం ఆగిపోయేవాళ్లం. నాలుగైదు క్షణాలు ఏమీ ఉండేది కాదు. అయిపోయిందనుకుని జనం చప్పట్లకి చేతులెత్తేలోగా మళ్లీ మీద పడేవాళ్లం. "మీ తుప్పు వదిలిస్తాం" అంటూ పక్కింటివాళ్లు తలుపు బాదని వారం లేదు.

మూతపడిన ఫర్నిచర్ గోదాములో, యూనియన్ హాల్లో, ఎవరిదో కార్ల షెడ్డులో వాయించాం. నాలుగు రికార్డులు చేశాం. ఒకసారి రెండు వందల మంది వచ్చారు. అందులో సగం మంది హాలు తప్పి వచ్చినవాళ్లే, మొదటి పాటకే వెళ్లిపోయారు. "ఈ చప్పుడులో ఒక పద్ధతుంది" అని ఒక పత్రిక రాస్తే, టైలర్ ఆ ముక్క కత్తిరించి కుట్టుమిషనుకి అంటించుకున్నాడు. గొప్పలంటే ఇవే.

పాడేది డబ్బా బావమరిది. కరెంటు మీటర్లు చదివే ఉద్యోగం వాడిది. పగలంతా గుమ్మాల ముందు "మీటరండీ" అని ఒద్దికగా పిలిచే నోటితోనే సాయంత్రం మైకు పట్టుకుని నరాలు తెగేలా అరిచేవాడు. వాడు పెట్టిన నియమం ఒక్కటే. పాట ఎత్తుకునే ముందు ఎవరూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అనకూడదు.

"లెక్కపెట్టుకుని ఎవరైనా కోప్పడతారా బావా?" అనేవాడు.

అందుకని వాడు గట్టిగా ఊపిరి పీల్చేవాడు, ఆ ఊపిరి చివర మేమంతా ఒక్కసారి దూకేవాళ్లం. పాట మధ్యలో ఆగినప్పుడు కూడా అంతే. చిన్నప్పటి ఉబ్బసం వాణ్ణి పూర్తిగా వదల్లేదు, ఊపిరి చివర సన్నటి ఈల ఒకటి వినపడేది. పద్నాలుగేళ్లూ డబ్బా కర్రలు పైకి లేచింది ఆ ఈలకే.

ఐదో రికార్డుకి తొమ్మిది పాటలు పాడాడు. ఆఖరి పాట పాడిన పద్దెనిమిదో రోజున ఎవరింట్లోనో మెట్లెక్కి, మీటరు ముందే కూలబడ్డాడు. గుండె. ముప్పై ఏడేళ్లు.

అప్పుడు నాకేమనిపించిందంటే, ఏమీ అనిపించలేదు. మోటార్లకి వైండింగ్ చేస్తాను నేను. కబురు వచ్చేసరికి సగం చుట్టిన మోటారు చేతిలో ఉంది. పూర్తి చేసి వెళ్లాను. చుట్లు ఒక్కటీ తప్పలేదు. ఆ సంగతి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. డబ్బా నాలుగో రోజున ఆఫీసుకి వెళ్లాడు. ఏడవలేదు. పలకరిస్తే పలికాడు, పెడితే తిన్నాడు. బంధువులు చెవులు కొరుక్కున్నారు, రాయి నయమని.

డబ్బా భార్య, అంటే పోయినవాడి సొంతక్క, మాకూ అక్కే. మందుల షాపులో పని చేస్తుంది. "నా చెవులు నాకింకా కావాలి నాయనా" అని మా ప్రదర్శనలకి ఒక్కసారీ రాలేదు. అలాంటిది, ఒకరోజు పలకరించడానికి వెళ్తే గుమ్మంలోనే అడిగింది.

"ఆ పాటలు ఎప్పుడు వినిపిస్తారు?"

"నీకు నచ్చవు కదక్కా."

"పాటలెవడిక్కావాలి? మధ్యలో వాడు ఊపిరి తీస్తాడటగా, అది వినాలి. చిన్నప్పుడు వాడికి ఆయాసం వస్తే అమ్మ నన్ను పక్కన పడుకోబెట్టేది. ఆ ఈల వినపడుతుంటే, ఉన్నాడులే అని నిద్రపోయేదాన్ని."

"బావకి చెప్పావా?"

"ఇప్పుడు ఆయనకేం చెప్పినా గోడకి చెప్పినట్టే."

నేనైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

పాటలు రికార్డు చేసిన గదిలోని ఫ్యాను హోరు వాటిలో పడింది, దాన్ని తీసేస్తానన్నాడు డబ్బా. పాటలన్నీ అతని దగ్గరే ఉన్నాయి. మూడు రోజులు భోజనాల వేళ ఆఫీసులోనే కూర్చుని చేశాడు. హోరు పోయింది. అక్కడితో ఆగాల్సిన చెయ్యి అలవాటుకొద్దీ ముందుకి పోయింది. చేసినదాన్ని పాతదాని మీదే సేవ్ చేశాడు. మేం పాటలు పట్టిన రికార్డరు ఆఫీసుది, పాఠాలకి కావాలంటే అందులో ఉన్నదీ తుడిచి ఇచ్చేశాడు. ఇంకో కాపీ లేదు. మిగిలిన ముగ్గురిలో ఒక్కడికీ ఆ బుద్ధి పుట్టలేదు.

ఆదివారం పొద్దున వాళ్లింట్లో కూర్చున్నాం. అక్క కుర్చీ లాక్కుని స్పీకరు పక్కనే కూర్చుంది. మొదటి పాట వచ్చింది. చాలా శుభ్రంగా ఉంది. నిశ్శబ్దం, ఆ వెంటనే దెబ్బ. నా చేతివేళ్లు తెలియకుండానే కదిలాయి గానీ ఆలస్యంగా కదిలాయి. రెండో పాటకీ అంతే. టైలర్ నావైపు చూశాడు. నాలుగో పాట అయ్యేసరికి అక్క చెవి స్పీకరుకి ఆనించి ఉంది.

"వీడెక్కడ ఊపిరి తీస్తున్నాడు?" అంది.

డబ్బా లేచి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక పాట తెరిచాడు, ఇంకోటి తెరిచాడు. అలా చూస్తూనే ఉన్నాడు.

"తీసేశాను," అన్నాడు. తరవాత జరిగిందంతా, పాఠం అప్పజెప్పినట్టు, వరసగా చెప్పాడు. నాకు అతన్ని కొట్టాలనిపించాలి. అనిపించలేదు.

"మన మొదటి రికార్డులో ఊపిరి బాగా వినపడుతుంది, అందులోంచి తెచ్చి అతికిద్దాం," అన్నాడు టైలర్. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"అది ఇరవై మూడేళ్ల కుర్రాడిది," అంది అక్క. "నాకు మొన్నటిది కావాలి."

అక్క మొగుడివైపు తిరిగింది.

"ఎన్ని తీశావు?"

తెర మీద లెక్క ఉంది. "నూట అరవై మూడు."

"తీసేముందు ఒక్కొక్కటీ వినాలని చెబుతుంటావుగా. అన్నీ విన్నావా?"

"విన్నాను."

"ఏమీ అనిపించలేదా?"

డబ్బా ఆలోచించాడు. అబద్ధం ఆడటం అతనికి చేతకాదు.

"పని బాగా వస్తోందనిపించింది."

అక్క లేచి స్పీకరు ఆపేసింది.

"నాకు ఒక్కటి మిగిల్చినా సరిపోయేది," అంది.