శారదమ్మ ఇంటర్నెట్ కొళాయి

మదనపల్లెలో కొళాయి కోసం పొద్దున్నే బిందె పట్టుకుని నిలబడినవాళ్లకు శారదమ్మ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆమెది మూడు వాటాల ఇల్లు. ముందు వాటాలో ఆమె, కోడలు ప్రీతి. కొడుకు కిరణ్‌కు కుప్పంలో ఉద్యోగం, సెలవులకు వచ్చిపోతాడు. మేడమీద ఖాసిం భాయ్, సుల్తానా, వాళ్లమ్మాయి ఫిజా. వెనక వాటాలో పుంగనూరు నుంచి టీచరుగా వచ్చిన నేను. నీళ్లొచ్చిన పూట ఎవరు ముందు పట్టాలో, ఎవరు ఆగాలో శారదమ్మ చెప్పిందే చట్టం. నాకు నోరెక్కువే. అయినా ఆమె దగ్గర నా ఆటలు సాగలేదు.

కిరణ్ ఇంటర్నెట్ పెట్టించినప్పుడూ ఇదే తంతు. టెలిఫోను వైరు ముందు వాటా నడిమింట్లోకి వచ్చి ఒక డబ్బాలో దూరుతుంది. ఆ డబ్బా నుంచి మూడు వాటాలకూ మూడు వైర్లు లాగాడు. శారదమ్మ దాన్ని ఇంకో కొళాయి అనుకుంది.

"టీచరమ్మా, పైన ఫిజా పట్టుకుంటాండాది. నువ్వు కాసేపు కట్టెయ్యి," అని పెరట్లోంచి కేకేసేది. ముగ్గురం ఒకేసారి తెరిస్తే ఎవరికీ సరిగా వచ్చేది కాదు కాబట్టి నేనూ పళ్లు నూరుకుంటూ కట్టేసేదాన్ని.

2008 ఆగస్టులో సాయంత్రంపూట సూర్యగ్రహణం వచ్చింది. అప్పటికి ప్రీతికి ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. గ్రహణం వేళ కడుపుతో ఉన్న మనిషి కదిలితే బిడ్డ పెదవి చీలి పుడుతుందని మా వైపు భయం. ఫిజాకు బెంగుళూరు కంపెనీవాళ్ల పరీక్ష కూడా ఆ సాయంత్రమే వచ్చిపడింది. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని రాసేదే. ఖాసిం భాయ్ టైర్ల కొట్టు మూతపడినప్పటి నుంచి ఆ ఇల్లంతా ఈ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుంది. గ్రహణమని ఊళ్లో నెట్ సెంటర్లు కూడా మూసేశారు.

శారదమ్మ ఊరగాయ జాడీల మీద, నీళ్ల బిందెల మీద దర్భ వేసింది. కిటికీల్లేని గది నడిమిల్లు ఒక్కటే కాబట్టి ప్రీతిని అక్కడ పడుకోబెట్టింది. డబ్బా మీద మిణుకుమనే పచ్చ లైట్లు ఆ పిల్ల కడుపు మీద పడుతున్నాయని, తలుపు మూసే ముందు దాన్ని ఆపేసింది. ఫిజా పరీక్ష సంగతి ఆమె మరిచిపోలేదు. పొద్దున్నుంచే కంప్యూటర్ వేసి పెట్టుకోమని తనే చెప్పింది. పైన తొట్టి నిండాక కింద కొళాయి కట్టేస్తే ఏమవుతుందని ఆమె ధీమా. తలుపు సందుల్లో గోనెపట్టా కుక్కి, గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని మౌనంగా జపంలో కూర్చుంది.

ఫిజా మెట్ల మీద పరుగున దిగొచ్చింది. పరీక్ష సగంలో ఆగిపోయిందట. పావుగంటలో మళ్లీ కలవకపోతే ఇంక రాయనివ్వరట. వెనకే సుల్తానా వచ్చి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నేను ఆగలేదు. "తొట్టి నిండడానికి అదేమన్నా నీళ్లా అమ్మా? నువ్వు కట్టిన నిమిషమే పైన ఆగిపోయింది!" అని అరిచేశాను.

శారదమ్మ ముఖం పాలిపోయింది. మూసిన తలుపు వైపు చూసింది. తెరిస్తే వెలుతురు పడుతుంది. తెరవకుండా పని జరగాలంటే లోపలున్న ప్రీతి లేవాలి. నాకా నమ్మకాలు లేవు. అయినా ఆ తలుపు మీద చెయ్యి వెయ్యడానికి నాకూ గుండె చాల్లేదు.

"ఉద్యోగం పోతే ఇంగొకటి వస్తాది," అంది సుల్తానా. "లోపల బిడ్డ ఉండాది. తలుపు తట్టొద్దు, ఫిజా. పైకి పా."

ఫిజా చున్నీతో ముఖం తుడుచుకుని మెట్లెక్కసాగింది. శారదమ్మ ఆ పిల్ల వీపు వైపే చూస్తూ ఉండిపోయింది. గ్రహణం విడుపు దాకా తెరవకూడని నోరు తెరిచింది.

"ప్రీతీ! లెయ్యమ్మా. కండ్లు మూసుకోనే లేసి ఆ డబ్బా స్విచ్చి ఎయ్యి."

లోపల మంచం కిర్రుమంది. స్విచ్చి టక్కుమని పడగానే ఫిజా మేడమీదికి పరిగెత్తింది. శారదమ్మ చాప మీద కూలబడి, కళ్లు మూసుకుని, దేవుడికి చెప్పుకోవాల్సిందంతా చెప్పుకుంది.

ఫిజాకు ఉద్యోగం వచ్చింది. బెంగుళూరు వెళ్లిపోయింది. శారదమ్మ మాత్రం అప్పటి నుంచి సరిగా తినలేదు, నిద్రపోలేదు. గ్రహణానికీ పెదవికీ సంబంధం లేదని డాక్టరన్న మాట కిరణ్ ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కలేదు. ఆమెను చూస్తుంటే నాకు కోపమూ వచ్చేది, జాలీ వేసేది.

డిసెంబరులో ప్రీతికి నొప్పులొచ్చాయి. ఆసుపత్రి వరండాలో మేమంతా ఉన్నాం. కబురు తెలిసి ఫిజా బెంగుళూరు బస్సెక్కి వచ్చింది గానీ మా దగ్గరికి రాలేదు. దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది.

నర్సు గుడ్డలో చుట్టిన బిడ్డను తెచ్చి ఇచ్చింది. మగో ఆడో శారదమ్మ అడగలేదు. గుడ్డ పక్కకు తీసి, బిడ్డ పైపెదవి మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా నిమిరింది. ఎక్కడా చీలిక తగలక, ఏడుపు ఆపుకోలేకపోయింది. తర్వాత తలెత్తి గోడవైపు చూసింది.

"ఆడ్నే యాల నిలబడుకోని ఉండావు? ఈడికి రా ఫిజా, నువ్వూ సూసుకో," అని బిడ్డను ఆ పిల్ల చేతుల్లో పెట్టింది.

ఫిజా కూడా ముందు పెదవే చూసింది.