నంబరు లేని బండి

మొన్న కొండగట్టు మీద మా కొత్త కారుకు పూజ చేయించి, స్టీరింగు నేనే పట్టుకుని మెల్లగా ముందుకు కదిలిస్తే, చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు ఒకదాని వెనక ఒకటి టప్పు టప్పుమని చితికాయి. తెరిచిన అద్దంలోంచి ఆ పుల్లటి వాసన, పక్కన ఆగి ఉన్న ట్రాక్టరు డీజిల్ పొగతో కలిసి ముక్కుకు తగలగానే నా కాలు బ్రేకు మీదికి పోయింది. జగిత్యాలలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో టార్పాలిన్ కప్పుకుని ఉండే మా బాపు బండి కళ్ల ముందుకు వచ్చాయి. అప్పుడూ ఇదే వాసన.

మా బాపు సర్కారు బడిలో డ్రాయింగు సారు. పిల్లలకు మామిడికాయ, కుండ, జెండా గీయడం నేర్పాల్సిన మనిషి, తరగతి సగమయ్యేసరికి బోర్డు మీద పొడుగు ముక్కు కారు ఒకటి గీసి తానే మురిసిపోయేవాడు. అందరి దగ్గరా ఉండే బండ్లంటే ఆయనకు చీకాకు. బయటికి ఉబ్బిన మడ్‌గార్డులు, గుండ్రటి పెద్ద లైట్లు, పక్కకు తగిలించిన స్టెప్నీ టైరు, ఇవి ఉంటేనే అది కారు, మిగతావన్నీ డబ్బాలు. మెట్‌పల్లిలో ఒక పెళ్లికి ఎవరో పాతకాలపు కారును పూలతో కట్టి తెచ్చారని వెళ్లి, అన్నం కూడా తినకుండా దాని కిందే పడుకుని చూసి, తెల్ల చొక్కాకు గ్రీసు పూసుకుని వచ్చాడు. "పెండ్లికి పోయి పిల్లను చూడలే, పిలగాన్ని చూడలే, బండి కడుపు చూసచ్చిండు," అని మా నాయనమ్మ వాడంతా చాటింది.

చూసి చూసి చివరికి తానే ఒకటి కట్టుకుంటానని కూర్చున్నాడు. కోరుట్లలో యూసుఫ్ చాచా అని డెంటింగు, వెల్డింగు చేసే ఆయన ఉండేవాడు. ఆయన షెడ్డు వెనక తుమ్మచెట్టు కింద, ఒకప్పుడు మల్లాపూర్ దిక్కు ఎవరో దొర తిరిగిన కారుదట, ముందు భాగం ఒక్కటే మిగిలి, తుప్పుపట్టి కోళ్లకు గూడైపోయింది. బాపు కోళ్లను తరిమి ఆ ముక్కును ఇంటికి మోయించుకొచ్చాడు. దానికి ఒక పాత జీపు చాసీ, సామాన్లు మోసే ఆటో డీజిల్ ఇంజను దొరికాయి. "చేస్త సార్, ఎందుకు చెయ్య! కానీ ఇంజన్ ఒక ఖాన్‌దాన్, బాడీ ఒక ఖాన్‌దాన్. ఇద్దరికీ నికా కుదరాలె గదా," అని చాచా గడ్డం గోక్కునేవాడు. ప్రతి ఆదివారం ఆయన సైకిలు మోటారు మీద కోరుట్ల నుంచి వచ్చేవాడు, అమ్మ చేసిన సర్వపిండి తినేవాడు, ఆ నికా కుదిర్చే పనిలో పడేవాడు.

బాడీకి కర్ర మాత్రం సిరిసిల్ల నుంచి వచ్చింది. మా మేనత్త లలితకు సిరిసిల్లలో నేతవారి ఇంట సంబంధం కుదిరింది. మాటముచ్చటకు వెళ్లిన బాపు పిల్లవాణ్ణి రెండు మాటలు అడిగి, చూపంతా వాళ్ల ఇంటి వెనక గోడకు ఆనించిన చేతిమగ్గం మీద పెట్టాడు. పవర్‌లూములు వచ్చాక అది మూలకు పడింది. ఆ కాలం టేకు, చేతులు తగిలి తగిలి నున్నగా అయిన కర్ర. అత్తకు కాబోయే మామగారు శంకరయ్య తాత ఆ కర్రను ఒకసారి అరచేత్తో తుడిచి, "పొయ్యిల పెట్టనంటె తీస్కపో," అన్నాడు. దానితోనే బాపు బండి చట్రం కట్టాడు, పైన రేకు తొడిగాడు, పెసరపచ్చ రంగు వేశాడు.

బండి పూర్తి కాకముందే మేం దానిలో దేశమంతా తిరిగాం. వానాకాలం సాయంత్రాలు, రేకుల మీద చినుకులు డప్పు కొడుతుంటే, బయట ఆడలేని వాడకట్టు పిల్లలమంతా టార్పాలిన్ కింద దూరి, కాల్చిన మక్కకంకులు కొరుకుతూ, నోటితో బుర్రుమంటూ బొంబాయి దాకా పోయి అన్నం వేళకు తిరిగొచ్చేవాళ్లం. టేకు వాసన, గ్రీసు వాసన, తడిసిన గోనెసంచుల వాసన కలిసి ఆ షెడ్డుకొక వాసన ఉండేది. వాడలో పెద్దలు మాత్రం బాపును చూసి నవ్వేవారు. పొడుగు కాళ్ల మీద నిలబడ్డట్టు ఉంటుందని బండికి మిడత అని పేరు పెట్టారు. "సారూ, మిడత ఎప్పుడు ఎగురుతది?" అని హోటలు దగ్గర అడిగితే ఆయన ఛాయ్ సగంలో వదిలి వచ్చేసేవాడు. ఆయన్ని అలా చూస్తే నాకు ఏడుపొచ్చేది.

అప్పుడు తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. పొద్దున బాపు శిబిరంలో కూర్చునేవాడు. చేతిలో బ్రష్షు పట్టే మనిషి కదా, వచ్చిపోయే వాళ్లంతా తమ బండ్లు ఆయన ముందు నిలిపి నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపించుకుని టీజీ రాయించుకునేవారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి మిడత కింద దూరేవాడు. ఇన్నేళ్లూ ఆదివారాలతో నడిచిన పని ఆ సమ్మె పుణ్యమా అని పూర్తయింది. పని ముగిసిన రోజు తెల్ల ప్లేటు మీద అందంగా టీజీ అని రాసి, పక్కన జాగా ఖాళీ వదిలేశాడు. నంబరు ఎవరు ఇస్తారు దానికి!

అదే సమయంలో బతుకమ్మ వచ్చింది. గట్ల మీద తంగేడు పచ్చగా విరగబూసింది, చెలకల్లో గునుగు తెల్లగా నిలబడింది, ఇంట్లో సీతాఫలాలు మగ్గిన తీపి వాసన. పెళ్లయిన ఆడపిల్ల మొదటి బతుకమ్మ పుట్టింట్లోనే ఆడాలి. లలితత్త చివరి రోజు సద్దుల నాటికి రావాలని నాయనమ్మ నెల ముందు నుంచే నువ్వులు దంచుతోంది. తీసుకురావడానికి ఒప్పుకున్న జీపు అతను, తొవ్వలో రాస్తారోకో ఉందని సద్దుల పొద్దున రానన్నాడు. నాయనమ్మ గడప మీద కూలబడి, "మొదటి బతుకమ్మకు ఆడిబిడ్డ రాకపాయె. నా వాకిట్ల ఎవలు ఆడుతరు?" అని కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు షెడ్డులోకి వెళ్లి టార్పాలిన్ గుంజాడు.

"ఆగు! కొండగట్టు అంజన్నకు మొక్కకుంట నా బిడ్డను గా బండిల ఎక్కించేది లేదు," అంది నాయనమ్మ ఏడుపు ఆపి.

బాపు, యూసుఫ్ చాచా, వెనక నేను. హ్యాండిల్ తిప్పగానే మిడత దగ్గి, ఒళ్లంతా దులుపుకుని బయలుదేరింది. హోటలు దగ్గర ఛాయ్ తాగేవాళ్లు గ్లాసులతో సహా లేచి నిలబడ్డారు. బాపు వాళ్ల వైపు చూడలేదు గానీ రబ్బరు హారన్ మాత్రం రెండుసార్లు పిండాడు. కొండగట్టు ఎక్కేటప్పుడు రేడియేటరు బుసలు కొట్టింది. చాచా దిగి పక్కన నడుస్తూ, "చలో బేటా, చలో," అని దాన్ని చంటిపిల్లలా బుజ్జగించాడు. పైన గుడి అయ్యగారు బండి ముక్కుకు సిందూరం పెట్టి, "ఏం బండి సారూ ఇది?" అని అడిగితే బాపు, "మా బండి," అన్నాడు. నిమ్మకాయలు చితికాయి.

సిరిసిల్లలో వీధి వీధంతా లూముల చప్పుడు. మమ్మల్ని చూసి శంకరయ్య తాత మొహం మాడ్చుకున్నాడు. "గీ డబ్బల నా కోడల్ని తోలియ్యాల్నా సారూ? తొవ్వల ఆగితె ఎట్ల?" లలితత్త పట్టుచీర కట్టుకుని, సంచి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. బాపు తలుపు తెరిచి, లోపలి కర్ర మీద చెయ్యి పెట్టమన్నాడు. తాత వంగి చూశాడు. నేత నేసే వేళల్లో బొటనవేలు ఆనిన చోట పడిన గుంత బాపు చెక్కకుండా అలాగే ఉంచాడు. తాత తన వేలు అందులో పెట్టాడు, సరిగ్గా సరిపోయింది. "నా మగ్గం ఎన్నడు నన్ను ఆగం చెయ్యలే," అని కోడలి సంచి తీసుకుని తానే వెనక పెట్టాడు.

పొద్దు వాలుతుండగా మల్యాల చౌరస్తా దగ్గర రోడ్డుకు అడ్డంగా జనం. ఒక పక్క పొయ్యిలు పెట్టి వంటా వార్పు, నడి రోడ్డు మీద ఆడవాళ్ల బతుకమ్మ. బాపు బండి ఆపగానే ఇంజను కూడా ఆగిపోయింది. "ఎవ్వల బండైనా ఆపుడే. సీకటైనంకనే తొవ్వ ఇస్తం," అన్నాడొక పిలగాడు. చేతిలో పెయింటు డబ్బా. సద్దుల బతుకమ్మ చీకటి పడగానే నీళ్లలో వేస్తారు. ఇక్కడే చీకటైతే ఇంటికెళ్లి ఏం చేయాలి? లలితత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పిలగాడు ప్లేటు మీదికి వంగి ఆగిపోయాడు.

"టీజీ అని రాసినవ్, మంచిగనే ఉన్నది. నంబరేది సారూ?"

"రాష్ట్రం అచ్చినంక రాస్త తమ్మీ," అన్నాడు బాపు. "నువ్వు తుడిచెతందుకు దీనికి ఏపీ ఎన్నడు లేదు. పుట్టుడే గిట్ల పుట్టింది."

పిలగాడు వెనక్కి తిరిగి అరిచాడు. "అరేయ్! తుడిచింది గాదట! పుట్టుకతోనే మనదట!" ఈలలు, చప్పట్లు, డప్పులు. బండి చుట్టూ జనం. ఒక ముసలమ్మ లోపలికి తొంగిచూసి, "కొత్త పెండ్లిపిల్ల గదనే! మొదటి బతుకమ్మా?" అని అడిగి, అత్త తల ఊపగానే ఆడవాళ్ల వైపు తిరిగి గర్జించింది. "ఆడిబిడ్డను ఆపుతరా మీరు? ఇడువుండ్రి తొవ్వ!" హ్యాండిల్ తిప్పితే ఇంజను అందుకోలేదు. అప్పుడు ఆ జనమే రథం లాగినట్టు మిడతను నెట్టారు. నినాదాల మధ్య అది దగ్గి దగ్గి అందుకుంది. బాపు నవ్వుతూ ఏడ్చాడు. నేను చూశాను. నా జీవితంలో అంత గర్వం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

మేం చేరేసరికి వాకిట్లో ఇంకా వెలుతురు ఉంది. నాయనమ్మ బతుకమ్మ పేర్చి, ఎత్తకుండా కాచుకుని ఉంది. అత్త దిగి చీర కుచ్చిళ్లు సర్దుకుని నేరుగా ఆటలో కలిసింది. తర్వాత రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు పంచారు. మొదటి ముద్ద నాయనమ్మ యూసుఫ్ చాచా చేతిలో పెట్టింది, రెండోది తీసుకెళ్లి మిడత ముక్కు మీద పెట్టింది. ఆ తర్వాత హోటలు దగ్గర ఆ పేరు పెట్టి బాపును చూసి ఎవరూ నవ్వలేదు.

రాష్ట్రం వచ్చింది. ఇంట్లో కట్టిన బండికి రిజిస్ట్రేషన్ కాదన్నారు. మిడత షెడ్డులోనే ఉండి ఉండి కొంచెం కొంచెంగా పోయింది. యూసుఫ్ చాచా పోయాడు, నాయనమ్మ పోయింది, షెడ్డు ఉన్నచోట ఇప్పుడు అద్దె గదులు. చేతితో రేకు కొట్టి మడ్‌గార్డు వంపు తెచ్చేవాళ్లు కోరుట్లలో వెతికినా దొరకరు. ప్లేట్ల మీద ముందు టీఎస్ వచ్చింది, బాపు దానికేసి చాలా ఏళ్లు గుర్రుగా చూశాడు. ఇప్పుడు టీజీ అయింది.

మొన్న కొండ మీద పూజ అయ్యాక బాపు, నెరిసిన తలతో, నా కారు చుట్టూ ఒకసారి తిరిగి, రేకు మీద వేలితో కొట్టి, "డబ్బా," అన్నాడు. లలితత్త పడిపడి నవ్వింది. ఆయన సంచిలోంచి గుడ్డలో చుట్టిన పాత ప్లేటు తీసి నా ప్లేటు పక్కన పెట్టాడు. అవే రెండు అక్షరాలు, ఆయనవే ఇంకా అందంగా ఉన్నాయి. పక్కన జాగా అలాగే ఖాళీ.

"రాష్ట్రం అచ్చె గదా బాపూ, నంబర్ రాస్తనన్నవ్?" అన్నాను.

"నంబర్ నీ దాని అసొంటి బండ్లకు గావాలె బిడ్డా, ఏది ఏదో గుర్తువట్ట," అన్నాడు బాపు ప్లేటు తుడుస్తూ. "నాది ఒక్కటే గదా!"