మూతికి మూతి ఆనించిన రెండు కుండలు

ఏడో నెలలో, కడుపులోనే, మా పాప గుండె ఆగిపోయింది. అప్పుడు మేం ప్లెయిన్స్‌బరోలో ఒక రెండో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. కాన్పు అందరికీ అయినట్టే అయింది, పాప ఏడవలేదు, అంతే. చూస్తారా అని నర్సు రెండుసార్లు అడిగింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

మర్నాడు ఒక ఫారం తెచ్చారు. పూడ్చాలా, దహనం చేయాలా, ఏదో ఒకచోట టిక్ పెట్టాలి. మా ఆయన వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. పసిబిడ్డల్ని కాల్చకూడదని, భూమిలోనే పెట్టాలని ఆవిడ ఏడుస్తూ చెప్పింది.

"ఇక్కడ దగ్గర్లోనే చిన్నపిల్లలకి వేరే చోటు ఉందట. బుక్ చేయనా?" అన్నాడు.

"రేపు ప్రాజెక్ట్ పోయి, వీసా పోతే? దాన్నొక్కదాన్నే ఇక్కడ వదిలేసి ఎట్లా పోతాం?" అన్నాను.

దహనం అన్నచోట నేనే టిక్ పెట్టాను. బూడిద తనొక్కడే తీసుకెళ్ళి సముద్రంలో కలిపి వచ్చాడు.

వీసా పోలేదు. రెన్యూ అవుతూనే వచ్చింది. ఆరేళ్ళ తర్వాత కూడా మేం అదే ఇంట్లో ఉన్నాం. మళ్ళీ పిల్లలు కలగలేదు.

ఆ ఏడు వసంతంలో, ఆఫీస్‌కి సెలవు పెట్టిన రోజు, వాన పడుతుంటే ఒక మ్యూజియంలోకి వెళ్ళాను. కొరియా నుంచి తెచ్చిన పాతకాలపు మట్టిపాత్రలు పెట్టారు. అన్నీ సమాధుల్లో దొరికినవే. బాతు ఆకారంలో ఒక పాత్ర ఉంది. వీపు మీద నీళ్ళు పోయడానికి ఒక రంధ్రం, తోక దగ్గర వంపడానికి ఇంకొకటి. పోయినవాళ్ళకి పక్షి దారి చూపిస్తుందని నమ్మేవారట. దాని తర్వాత, అద్దం వెనక, రెండు కుండల్ని పక్కకి పడుకోబెట్టి మూతికి మూతి ఆనించి ఉంచారు.

అక్కడ వివరాలు చెప్పే పెద్దావిడ కొరియా మనిషే. ఇందులో ఏం పెట్టేవారని అడిగాను.

"మనుషుల్నే. పెద్దవాళ్ళకైతే చాలా పెద్ద కుండలు. ఇంత చిన్నవి పిల్లల కోసం," అంది.

"ఎముకలేవి?"

"దొరకలేదు. మా నేలలో ఎముకలు నిలవవు, కరిగిపోతాయి. తెరిస్తే మట్టే ఉంది. రోడ్డు వేస్తుంటే బయటపడ్డాయి," అంది.

పూడ్చి ఉంటే బాగుండేదని ఆరేళ్ళుగా కుమిలిపోతున్నదాన్ని. పూడ్చినా మిగిలేది ఇంతే అని తెలిశాక మనసు కాస్త తేలికపడాలి. పడలేదు. ఎవరో ఆ బిడ్డ కోసం మూతులు సరిగ్గా కలిసే కుండలు వెతికి తెచ్చారు. నేను కాగితం మీద టిక్ పెట్టాను.

ఆదివారం మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. తను ఆ కుండల ముందు చాలాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చి కార్‌లో కూర్చున్నాక స్టార్ట్ చేయలేదు.

"ఇది చూపించడానికా తీసుకొచ్చావ్? పూడ్చిపెడదామని నేను అనలేదా? నువ్వే వద్దన్నావ్."

ఆరేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.

"నాకు భయమేసింది," అన్నాను.

"నాకు వేయలేదా? నువ్వు అటు తిరిగి పడుకుంటే దాన్ని నేను ఎత్తుకున్నాను."

ఆ సంగతి నాకు తెలియదు. నర్సు ఎప్పుడు చేతికిచ్చిందో, ఎంతసేపు ఎత్తుకున్నాడో ఎన్నడూ చెప్పలేదు.

"ఎట్లా ఉంది? ఎవరి పోలిక?"

స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని తను గుర్తు తెచ్చుకోవాలని చూశాడు.

"అప్పుడు అడగాల్సింది. ఇప్పుడు మొహం గుర్తు రావట్లేదు," అన్నాడు.

ఇంటికొచ్చి అన్నం వండాను. ఇద్దరం తిన్నాం. కొన్ని వారాలకి ఉండబట్టలేక ఇంకొక్కసారి అడిగాను, పాపకి జుట్టు ఉందా అని.

"ఉండే ఉంటుంది," అన్నాడు.