నన్ను నేనే క్షమించుకున్న ఈమెయిలు

ఇది రాసేముందు బైబిలు మీద చేయి పెట్టి ఒట్టు వేద్దామనుకున్నాను. ఒట్టు పెట్టుకోవద్దని అందులోనే ఉంది గనుక ఊరికే చెబుతున్నాను: ప్రతి అక్షరం నిజం.

రేణిగుంటలో ఇంటర్నెట్ సెంటర్లు వెలసిన కొత్తలో మా అన్నకూ నాకూ మాటల్లేవు. అన్న మా చర్చి సంఘంలో పెద్ద. ఒకరింట్లో జరిగిన ప్రార్థన కూటంలో నేను, "మా అన్న ప్రార్థనలో గురక పెడతా ఉంటే జనం ఆత్మ దిగి అన్యభాషలు మాట్లాడతా ఉండాడనుకుంటా ఉండారు" అన్నాను. అందరూ నవ్వారు, అన్న తప్ప.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లలో చేయి వేసి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలంటే పగ ఉన్నవాళ్లు ముందు సమాధానపడాలనేది మా గుడి కట్టుబాటు. ఏడాదిగా రొట్టె పళ్లెం నన్ను దాటిపోతూనే ఉంది. అన్న ఇల్లు రెండు వీధుల అవతలే. కాళ్లు అటు పోవు. ఈమెయిలే దగ్గర అనిపించింది.

అన్నకు ఈమెయిలు లేదు. నేనే ఒకటి తెరిచి, దానికి క్షమాపణ పంపాను. మూడు రోజులు చూశాను. జవాబు రాలేదు. రాయాల్సింది కూడా నేనేనని నాలుగో రోజు తట్టింది. అన్నలాగా వీపు నిటారుగా పెట్టి కూర్చుని, "తమ్ముడా, పూర్ణహృదయంతో నిన్ను క్షమించాను" అని టైపు కొట్టాను. చదువుకుని ఏడ్చాను కూడా. ప్రింటు తీసి పాస్టరుగారికిచ్చాను.

ఆదివారం ఆయన రొట్టె విరవబోతూ దాన్ని చదివి, "కంప్యూటరు ద్వారా దేవుడు అన్నదమ్ముల్ని కలిపినాడు!" అన్నారు. హల్లెలూయలు మోగాయి. అన్న లేచాడు.

"అయ్యగారూ, నేను కంప్యూటరు మొగమే సూడలేదే. యాడ రాసినాను ఇది?"

నేను లేచాను. "నేనే రాసుకున్నాను, అన్నా."

"రేయ్, దినామూ నీ వాకిలి ముందరే కదరా పాలకు పోయేది! ఒక్క దినమన్నా పిలిచినావా?"

"పిలిస్తే తిరిగి సూస్తావో లేదోనని భయం."

"ఇప్పుడు పిలిచినావు గదా" అంటూ అన్న నా పక్కన కూర్చుని, తన రొట్టె తునకలో సగం నా చేతిలో పెట్టాడు.

ఈ ఆఖరి వాక్యం నా కల్పన. నిజానికి అన్న చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం నేనే వాళ్లింటికి నడిచిపోయాను. వదిన తలుపు తీసి, "లోపలే ఉండాడు, రాప్పా" అంది. అన్న మొగం అటు తిప్పుకునే, "కుర్చీ లాక్కో" అన్నాడు.

ఆ రెండు మాటలకు నేనేమీ కలపలేదు.