కుక్కల వాటా

గంగమ్మ మీద ఒట్టు. మా పేటలో ఆ ఒట్టు ఎవరూ ఊరికే వేయరు. తెల్లారితే మళ్ళీ ఆవిడ మీదికే కదా పడవ వేసుకుని పోవాలి. కాబట్టి నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో మాత్రం నవ్వొద్దు.

తొంభైల్లో మాట. భీమిలి రోడ్డు పక్కన, సముద్రం ఒడ్డునే మా పేట. అప్పట్లో నాకు రెండే పిచ్చులు. ఒకటి లైబ్రరీ. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది గానీ, టౌన్లో లైబ్రరీకెళ్ళి జంతువుల పుస్తకాలున్న బీరువా మొత్తం నమిలేశాను. తోడేళ్ళు ఎలా వేటాడతాయి, మొసలి నోరు తెరుచుకుని ఎందుకు పడుకుంటుంది... ఏదడిగినా చెప్పేవాణ్ణి. రెండోది వీడియో. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక షాపులో టీవీ, క్యాసెట్లు ఆడించే డెక్కు అద్దెకు తెచ్చి, శనివారం రాత్రి ఇసుకలో బల్ల వేసి ఆడించేవాణ్ణి. అన్నీ ఇంగ్లీషు సినిమాలే. అన్నిట్లోనూ జంతువే విలన్. పాములు, ఎలుకలు, మొసళ్ళు... టీవీ పక్కన నిలబడి మాటలన్నీ నేనే తెలుగులో చెప్పేవాణ్ణి. అర్థమైనవి చెప్పేవాణ్ణి. కానివి కల్పించేవాణ్ణి.

సొరచేప సినిమా వేసిన రోజు పేటంతా పడీపడీ నవ్వింది.

"ఏటిరా, దీనికే ఆళ్ళు అలాగ పరిగెడతన్నారా? ఉప్పేసి ఎండబెడితే పేటంతటికీ ఏడాది కూర!" అన్నాడు మా బావ. బావంటే మా అప్ప మొగుడు, ఎర్రయ్య. పేరు పెట్టి పిలవడు నన్ను. "ఒరే లైబ్రరీ" అంటాడు.

కుక్కల సినిమాకి మాత్రం ఎవరూ నవ్వలేదు.

దానికి ముందు కుక్కల వాటా సంగతి చెప్పాలి. పడవలు ఒడ్డుకొచ్చాక ఆడవాళ్ళు చేపలు కోసి, ఉప్పు పెట్టి, ఇసుకలో ఎండబెడతారు. తలకాయలు, పేగులు ఒక గంపలో వేసి కుక్కలకి పోసేవాళ్ళు. అది వాటి వాటా. అందుకు బదులుగా రాత్రంతా అవి ఎండు చేపల చుట్టూ పడుకుని కాపలా కాస్తాయి. ఒక పంది రాదు, పొరుగు పేట కుక్క రాదు. మా తాతల నాటి నుంచీ అంతే.

ఆ ఏడాది కోళ్ళ మేతకని ఒక లారీ రావడం మొదలైంది. తలకాయలు, చెత్త చేపలు, ఏదైనా కొంటాడు లారీవాడు. ఇంకేం... గంపలన్నీ లారీకే. వాటా ఆపేసిన మొదటివాడు మా బావ. కుక్కల పక్కటెముకలు బయటపడ్డాయి. వాటిల్లో ఒక ఎర్ర కుక్క ఉండేది, ముసలిది, కుంటిది. రోజూ వచ్చి బావ గుమ్మం ముందు నిలబడేది. మొరిగేది కాదు. మూలిగేది కాదు. ఊరికే చూసేది. ఒకరోజు బావ తెడ్డు విసిరాడు. నడుం మీద తగిలింది. అది కదల్లేదు. ఇంకా అలాగే చూసింది.

ఆ శనివారమే నేను తెచ్చింది కుక్కల సినిమా. కుక్కలన్నీ ఏకమై మనుషుల్ని చీల్చుకు తినే కథ. పేటంతా ఇసుకలో కూర్చుంది. మా అప్ప కూతురు నూకాలు, మూడేళ్ళు కూడా నిండలేదు, వెనకాల వలల కుప్ప మీద నిద్రపోయింది. అప్ప ముందు వరసలో ఉంది.

ఒక సంగతి నాకు మొదట్లోనే తేడాగా అనిపించింది. టీవీలో కుక్క మొరిగితే మా కుక్కలు ఎప్పుడూ ఎదురు మొరుగుతాయి. ఆ రాత్రి ఒక్కటీ మొరగలేదు. వెనక్కి తిరిగి చూశాను. జనం వెనకాల... వరసగా కూర్చుని ఉన్నాయి. టీవీ నీలి వెలుగు వాటి కళ్ళల్లో ఆడుతోంది.

సినిమా చూస్తున్నాయి.

"ఎందుకురా అవి అలాగ సేత్తన్నాయి?" అని ఒక ముసలమ్మ అడిగింది. సినిమాలో దానికి కారణమేమిటో నాకు అర్థం కాలేదు. నోటికొచ్చింది చెప్పాను. "ఇన్నాళ్ళూ కాపలా కాయించుకుని తిండి మానేశారంట. అందుకే ముందు పిల్లల్ని ఎత్తుకుపోతాయంట."

నేనలా అన్నందుకే జరిగిందంటుంది మా అప్ప, ఇప్పటికీ. నేను ఒప్పుకోను. కుక్కలకి మాటలు అర్థమవుతాయని ఏ పుస్తకంలోనూ లేదు.

అప్పుడు కరెంటు పోయింది.

చీకటి... కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. టీవీలో కుక్క గుర్రుమంటున్న చోట ఆగింది సినిమా. ఆ గుర్రు మాత్రం ఆగలేదు. సన్నగా... గొంతు లోపలి నుంచి... ఆగకుండా. "డెక్కు ఇంకా తిరుగుతోంది" అనుకున్నాను. డెక్కు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. కదలిక లేదు. కరెంటు లేకుండా క్యాసెట్టు ఎలా తిరుగుతుంది? చెయ్యి తీశాను. గుర్రు ఉంది. అది వెనక నుంచి వస్తోంది.

తర్వాత అదీ ఆగిపోయింది. అలల చప్పుడు ఒక్కటే.

"నూకాలూ..." అంది అప్ప. మళ్ళీ అంది. ఆ తర్వాత అరిచింది. "ఓలమ్మో! నా పిల్ల లేదు!"

టార్చి వేశాను. వలల కుప్ప మీద గుంట ఉంది. పిల్ల లేదు. వెనక ఒక్క కుక్కా లేదు.

కొందరు నీళ్ళ వైపు పరిగెత్తారు. కొందరు రోడ్డు మీదికి. బావ తెడ్డు పట్టుకుని బూతులు తిడుతూ ఒడ్డు వెంట పరిగెత్తాడు. వెనకాల టార్చితో నేను, నా వెనక అప్ప. ఉప్పు పాక దాటాక, ఇసుక మీదికి లాగి పెట్టిన పాత పడవ ఒకటుంది. దాని అంచు నా రొమ్ము ఎత్తు.

పడవ చుట్టూ కుక్కలు. గుండ్రంగా. ఒకదానికొకటి ఆనుకుని. ఒక్కటీ చప్పుడు చెయ్యడం లేదు.

పడవలో, అడ్డబల్ల మీద నూకాలు.

పడుకుని ఉంది. ఊపిరి ఉందో లేదో అంత దూరం నుంచి తెలియడం లేదు. బావ ముందుకెళ్ళి తెడ్డుతో ఒకదాన్ని కొట్టాడు. దెబ్బ చప్పుడు విన్నాను. కుక్క అరవలేదు. పక్కకి జరగలేదు. అన్నీ కలిసి ఇంకొంచెం పడవకి దగ్గరగా జరిగాయి... అంతే.

బావ నాకేసి తిరిగాడు. "ఏటిరా ఇది? పుస్తకాల్లో ఏటుందిరా లైబ్రరీ? సెప్పు! ఇంకోటి కొడితే లోపలికి దూకుతాయా?"

నాకు పుస్తకాలన్నీ గుర్తొచ్చాయి. వేటని చంపే ముందు గుంపు ఇలాగే చుట్టుముడుతుంది. పిల్లల్ని కాపాడేటప్పుడూ ఇలాగే చుట్టూ నిలబడుతుంది. ఏది ఇది? ఏ మాట చెప్పినా పిల్ల ప్రాణం నా నోట్లో ఉన్నట్టే. టార్చి మాత్రం వాటి మీదే ఉంచాను.

"నానూరుకోను, ఈటి తలకాయలు పగలగొడతాను," అని బావ తెడ్డు పైకెత్తాడు.

"దించు దాన్ని!" అంది అప్ప. ఆ గొంతు మా అప్పది కాదనిపించింది. ఉప్పు పాకలోకి వెళ్ళింది. పొద్దున్న లారీకని ఉంచిన తలకాయల గంప ఈడ్చుకొచ్చి, వాటి ముందు ఇసుకలో కుమ్మరించింది. "ఇదుగో మీ వాటా. నా పిల్లనిచ్చీండి."

కుక్కలు తినలేదు. ఆకలితో ఎముకలు తేలిన కుక్కలు... ముందు తలకాయలున్నా ముట్టుకోలేదు. ఎంతసేపో చెప్పలేను. చివరికి ఆ కుంటి ఎర్రది లేచింది. కుంటుకుంటూ వచ్చి అప్ప కాళ్ళు వాసన చూసింది. ఒక తలకాయ నోట కరుచుకుంది. అప్పుడు మిగతావన్నీ లేచాయి. పడవకి దారి వదిలాయి.

నూకాలు నిద్రపోతోంది. ఒంటి మీద గీత లేదు. గౌను మెడ మాత్రం తడిసి ముద్దయింది, చొంగతో. పంటి గుర్తు ఒక్కటీ లేదు. ఆ పిల్ల అంత ఎత్తు అంచు ఎలా ఎక్కిందో, ఎవరు ఎక్కించారో నేటికీ తెలీదు. తెల్లారాక అడిగితే "ఎర్రమ్మ ఎత్తుకుంది" అంది. ఆ పేరుగల మనిషి మా పేటలో లేదు.

మరునాడు లారీవాడు వచ్చి గంప ఏదని అడిగితే అప్ప వాణ్ణి తిట్టని తిట్టు లేదు. ఆ రోజు నుంచీ ఒక్క పూట తప్పకుండా కుక్కలకి పోస్తుంది. "ఆటి వాటా" అంటుంది. బావ మాత్రం "వాటా కాదే అది, మామూలు. రౌడీలకి ఇచ్చినట్టు ఇత్తన్నాం," అని ఉమ్మేస్తాడు. ఆ మాట కూడా గుమ్మం లోపలికొచ్చి, తలుపేసుకునే అంటాడు.

నేను మళ్ళీ జంతువుల సినిమా ఆడించలేదు. కుక్కంటే నాకు పడదు. ఇప్పటికీ వీధిలో కుక్క మొరిగితే ఫరవాలేదు. ఊరుకుని చూస్తేనే ఒళ్ళు మండుతుంది, భయమూ వేస్తుంది.

ఆ రాత్రి గురించి ఇంట్లో గొడవ తెగలేదు. అవి మనకేసి తిరిగి పిల్లని కాసాయంటుంది అప్ప. పిల్లకేసి తిరిగి కూర్చున్నాయి, కాసేపాగితే తినేసేవే అంటాడు బావ. ఇద్దరూ నన్నే అడుగుతారు. టార్చి పట్టుకున్నది నేనే కదా.

నాకు గుర్తున్నది చెబుతాను. టార్చి వెలుగులో కళ్ళు మెరిశాయి. అన్నీ. కళ్ళు మెరిశాయంటే మావైపే చూస్తున్నట్టు, అప్ప చెప్పినట్టే.

తోకలు కూడా... మావైపే ఉన్నాయి.